శాతం మార్పు: లెక్క తేలికే, చదవడంలోనే చిక్కంతా

1987 అక్టోబరు 19న అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 508 పాయింట్లు పడిపోయింది. 2020 మార్చి 16న అదే సూచీ 2,997 పాయింట్లు పడింది. పాయింట్లు చూస్తే రెండో పతనం మొదటిదానికి దాదాపు ఆరు రెట్లు. అయినా ఒక్కరోజు పతనాల్లో అన్నిటికన్నా పెద్దదేదని అడిగితే మార్కెట్ తెలిసినవాళ్లు 1987 పేరే చెబుతారు. అంతకుముందు మార్కెట్ ముగిసినప్పుడు ఆ సూచీ ఎక్కడ ఉందో చూస్తే సంగతి తెలుస్తుంది. 1987లో 2,246 దగ్గర ఉన్నది 508 పోగొట్టుకుంది, అంటే 22.6 శాతం. 2020లో 23,185 దగ్గర ఉన్నది 2,997 పోగొట్టుకుంది, అంటే 12.9 శాతం.

శాతం మార్పు పుట్టింది ఈ అవసరం కోసమే. ఎంత మారింది అన్న ప్రశ్నకు తీసివేత చాలు. ఉన్నదాంట్లో ఎంత మారింది అన్న ప్రశ్నకు భాగహారం కావాలి. భాగించేటప్పుడు కింద ఏ సంఖ్య పెట్టాం అన్నదాని మీదే జవాబు పూర్తిగా ఆధారపడుతుంది. శాతం మార్పు విషయంలో జరిగే తప్పుల్లో చాలావరకు, తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ కింది సంఖ్య దగ్గరే జరుగుతాయి.

సూత్రం అందరూ బడిలో చదివిందే. కొత్త విలువలోంచి పాత విలువ తీసేసి, వచ్చినదాన్ని పాత విలువతో భాగించి, నూరుతో గుణించాలి. 80 నుంచి 100కు పెరిగితే తేడా 20. దాన్ని 80తో భాగిస్తే 0.25, అంటే 25 శాతం పెరుగుదల. 100 నుంచి 80కి తగ్గితే తేడా అదే 20, కానీ ఈసారి భాగించేది 100తో. అందుకే 20 శాతం తగ్గుదల. ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ సమానమే, శాతాలు మాత్రం వేరు. ఇందులో గందరగోళపడాల్సిందేమీ లేదు. ప్రతి శాతం తాను బయలుదేరిన చోటు నుంచే కొలుస్తుంది, అంతే.

ఇదే లెక్కను ఇంకోలా కూడా చేయొచ్చు, నిజానికి అదే మేలైన పద్ధతి. కొత్త విలువను నేరుగా పాత విలువతో భాగించాలి. 100ను 80తో భాగిస్తే 1.25. ఒకటి తీసేస్తే 0.25, అదే 25 శాతం. ఈ 1.25ను గుణకం అనుకోవచ్చు. 20 శాతం తగ్గుదలకు గుణకం 0.80, 7 శాతం పెరుగుదలకు 1.07. శాతాలను గుణకాలుగా మార్చుకోవడం అలవాటైతే, తర్వాత వచ్చే చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి. శాతాలను కూడితే తప్పు జవాబు వచ్చే చోట గుణకాలను గుణిస్తే సరైన జవాబు వస్తుంది.

పడినంత శాతం లేస్తే సరిపోదు

50 శాతం తగ్గి, తర్వాత 50 శాతం పెరిగితే మొదటికి వచ్చినట్టేనా? గుణకాలు 0.5, 1.5. గుణిస్తే 0.75. అంటే మొదట ఉన్నదాంట్లో పావు వంతు పోయినట్టే. ఈ రెండు శాతాల సగటు మాత్రం సున్నా. సగటు సున్నా అంటూనే పావు వంతు నష్టాన్ని దాచేయవచ్చు. శాతాలకు మామూలు సగటు ఎందుకు తీయకూడదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పతనం లోతయ్యేకొద్దీ ఈ తేడా విపరీతంగా పెరుగుతుంది. 10 శాతం పడితే కోలుకోవడానికి 11.1 శాతం పెరగాలి. 50 శాతం పడితే 100 శాతం పెరగాలి. 1929 సెప్టెంబరు 3న డౌ జోన్స్ సూచీ 381.17 దగ్గర ముగిసింది. 1932 జులై 8 నాటికి 41.22కు దిగిపోయింది. తగ్గుదల 89.2 శాతం. మళ్లీ 381 చేరాలంటే ఎంత పెరగాలి? 381.17ను 41.22తో భాగిస్తే 9.25 వస్తుంది, అంటే దాదాపు 825 శాతం పెరగాలి. సూచీ ఆ పాత శిఖరాన్ని దాటింది 1954 నవంబరులో. అడుగున ఉన్నప్పుడు ఎవరైనా "ఈ ఏడాది 50 శాతం పెరిగింది" అంటే గొప్ప వార్తలా వినిపిస్తుంది. కానీ 41లో 50 శాతం అంటే 21 పాయింట్లు కూడా కాదు, పోయినవి 340.

2020లో అమెరికా జీడీపీ అంకెలు ఇలాంటి చిక్కునే మరింత బిగించాయి. కోవిడ్ మొదలైన ఆ ఏడాది రెండో త్రైమాసికంలో జీడీపీ 31.4 శాతం తగ్గిందనీ, మూడో త్రైమాసికంలో 33.1 శాతం పెరిగిందనీ ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన అధికారిక అంకెలు చెప్పాయి. పైపైన చదివితే పోయినదానికన్నా ఎక్కువే వచ్చింది. నిజంగా జరిగింది అది కాదు. అమెరికాలో త్రైమాసిక మార్పును వార్షిక రేటుగా ప్రకటిస్తారు. అంటే ఈ మూడు నెలల వేగమే నాలుగు త్రైమాసికాల పాటు సాగితే ఎంత మార్పు వస్తుందో ఆ అంకె చెబుతుంది. మూడు నెలల్లో వాస్తవంగా తగ్గింది సుమారు 9 శాతం, తర్వాతి మూడు నెలల్లో పెరిగింది సుమారు 7.4 శాతం. గుణకాలు 0.91, 1.074. గుణిస్తే 0.977. ఇంకా రెండు శాతానికి పైగా లోటు మిగిలే ఉంది. ఆర్థిక వ్యవస్థలో మూడో వంతు మాయమైపోయిందని భయపడినవాళ్లూ, అంతా తిరిగి వచ్చేసిందని సంబరపడినవాళ్లూ ఒకే పొరపాటు చేశారు. ఆ శాతం ఎంత కాలానికి చెందిందో చూడలేదు.

కాలం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. పదేళ్లలో ఒక విలువ రెట్టింపైతే మొత్తం పెరుగుదల 100 శాతం. ఏడాదికి ఎంత అంటే పదితో భాగించి 10 శాతం అనేవాళ్లు ఎక్కువ. ఏటా 10 శాతం పెరిగితే ఏడేళ్లు దాటగానే రెట్టింపైపోతుంది, ఎందుకంటే పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది. సరైన జవాబు రెండుకు పదో మూలం, అంటే 1.072. ఏడాదికి 7.2 శాతం.

వెనక్కి వెళ్లేటప్పుడు కూడా ఇలాంటి తప్పే జరుగుతుంది. 20 శాతం పెరిగాక 240 అయింది, ముందు ఎంత ఉండేది? 240లో 20 శాతం తీసేస్తే 192 వస్తుంది. అది తప్పు. 20 శాతం లెక్కించింది తెలియని పాత విలువ మీద, 240 మీద కాదు. 240ను 1.2తో భాగించాలి. జవాబు 200.

శాతం వేరు, శాతం పాయింటు వేరు

కొలిచే వస్తువే శాతమైనప్పుడు తికమక రెట్టింపవుతుంది. వడ్డీ రేటు 4 శాతం నుంచి 5 శాతానికి పెరిగిందనుకుందాం. 1 శాతం పెరిగిందనాలా, 25 శాతం పెరిగిందనాలా? పెరిగింది ఒక శాతం పాయింటు. పాత రేటుతో పోలిస్తే పెరుగుదల 25 శాతం. రెండూ నిజమే, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. "1 శాతం పెరిగింది" అన్న వాక్యం మాత్రం 4 శాతం 4.04 శాతం అయిందన్న అర్థాన్ని కూడా ఇస్తుంది. బ్యాంకింగ్ రంగంలో బేసిస్ పాయింట్లు వాడేది ఈ అయోమయం లేకుండా ఉండటానికే. 100 బేసిస్ పాయింట్లు ఒక శాతం పాయింటుకు సమానం. వార్తలు రాసేవాళ్లు కనీసం "పాయింటు" అన్న మాట వదిలేయకుండా ఉంటే పాఠకుడికి ఎంతో మేలు.

ఆరోగ్య వార్తల్లో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతను చూసే కమిటీ డాక్టర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం పాతవాటితో పోలిస్తే రెట్టింపవుతుందన్నది దాని సారాంశం. పత్రికలూ టీవీలూ దాన్ని 100 శాతం పెరుగుదలగా చెప్పాయి. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఆ ప్రమాదం ఎక్కడి నుంచి ఎక్కడికి పెరిగింది? పాత మాత్రలు వాడేవాళ్లలో ప్రతి 7,000 మందికి ఒకరికి వచ్చే సమస్య, కొత్తవి వాడేవాళ్లలో ఇద్దరికి వస్తుంది. అంటే అదనంగా 7,000 మందిలో ఒకరు. చాలామంది మహిళలు భయపడి మాత్రలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 13,000 అదనపు గర్భస్రావాలు జరిగాయని అంచనా. పైగా గర్భధారణ సమయంలో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఆ మాత్రల వల్ల కలిగే ప్రమాదంకన్నా ఎక్కువ. ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి అంతకన్నా పెద్ద ప్రమాదంలో పడినవాళ్లున్నారు.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదన్నది గమనించాలి. "100 శాతం పెరిగింది" అన్నదీ నిజమే, "7,000లో ఒకరు పెరిగారు" అన్నదీ నిజమే. మొదటిది సాపేక్ష మార్పు, రెండోది వాస్తవ మార్పు. నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి కావలసింది రెండోది. మొదటిది ఒక్కటే ఇవ్వడం అంటే సగం సమాచారం ఇవ్వడమే. మందు గొప్పతనాన్ని సాపేక్ష శాతంలో చెప్పి, దాని దుష్ప్రభావాన్ని వాస్తవ సంఖ్యలో చెబితే మందు ఎంతో మంచిదిగా కనిపిస్తుంది. లాభనష్టాలు రెండింటినీ ఒకే కొలతలో చెప్పమని అడగడం రోగి హక్కు.

చిన్న సంఖ్య మీద పెద్ద శాతం

7,000లో ఒకరు ఇద్దరైతే 100 శాతం అవడానికి కారణం మొదటి సంఖ్య అతి చిన్నది కావడం. కింది సంఖ్య చిన్నదయ్యేకొద్దీ శాతం ఉబ్బుతుంది. రెండు కేసులు ఆరైతే 200 శాతం పెరుగుదల. 2,000 కేసులు 2,600 అయితే 30 శాతమే. కానీ రెండో చోట పెరిగిన కేసులు 600.

సంఖ్యలను సవరించి, అంటే దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేసి రాసినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. 1.4 శాతం ఉన్న రేటును దశాంశం లేకుండా రాస్తే 1 అవుతుంది, 1.5ను రాస్తే 2 అవుతుంది. సవరించిన అంకెల మీద లెక్క కడితే 100 శాతం పెరుగుదల, అసలు అంకెల మీద కడితే 7 శాతం. అందుకే సవరణ చివర్లోనే చేయాలి, లెక్క మధ్యలో కాదు.

వేర్వేరు పరిమాణాలున్న గుంపుల శాతాలకు సగటు తీయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఒక గుంపు 10 నుంచి 20కి, ఇంకొకటి 1,000 నుంచి 1,010కి పెరిగిందనుకుంటే పెరుగుదలలు 100 శాతం, 1 శాతం. సగటు 50.5 శాతం. రెండు గుంపులూ కలిపి చూస్తే 1,010 నుంచి 1,030కి పెరిగాయి, అది 2 శాతం కూడా కాదు.

కింది సంఖ్య చిన్నదే కానక్కర్లేదు, మామూలుకన్నా తక్కువగా ఉన్నా చాలు, శాతం ఉబ్బుతుంది. దాన్నే బేస్ ఎఫెక్ట్ అంటారు, బేస్ అంటే ఆ కింది సంఖ్యే. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో వినియోగదారుల ధరలు ఏడాది కిందటితో పోలిస్తే 4.2 శాతం పెరిగాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ మూలంగా ధరలు బాగా తగ్గి ఉండటంతో ఆ 4.2లో కొంత భాగం కేవలం ఆ పాత పతనం నీడ. ఈ వివరణ సరైనదే. కానీ దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలియాలి. బేస్ ఎఫెక్ట్ ఏడాది తిరిగేసరికి దానంతట అదే పోవాలి. ఆ ద్రవ్యోల్బణం పోలేదు, 2022 జూన్ నాటికి 9.1 శాతానికి చేరింది. తక్కువ బేస్ మీద నెపం వేసి అసలు పెరుగుదలను కొట్టిపారేయడం, బేస్ చూడకుండా శాతాన్ని నమ్మడం అంత తప్పు. ఈ రెండింటి మధ్య తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. ఒక ఏడాది వెనక్కే కాక రెండేళ్ల వెనక్కి కూడా పోల్చి చూస్తే, మధ్యలో వచ్చిన గుంట లెక్కలోంచి తప్పుకుంటుంది.

రెట్ల దగ్గర ఒక జాగ్రత్త. 50 నుంచి 150కి చేరితే కొత్త విలువ పాతదానికి మూడు రెట్లు, పెరుగుదల మాత్రం 200 శాతం. "300 శాతం పెరిగింది" అంటే నాలుగు రెట్లయినట్టు. 1946 జులైలో హంగేరీలో ధరలు రోజుకు సుమారు 207 శాతం పెరిగాయని ఆర్థికవేత్తల అంచనా. అంటే ఇవాళ 100 ఉన్నది రేపటికి 307, మూడు రెట్ల పైమాటే. తగ్గుదలకు మాత్రం హద్దుంది. సున్నాకన్నా కిందికి పోలేని ఏ వస్తువూ 100 శాతంకన్నా ఎక్కువ తగ్గలేదు. "150 శాతం తగ్గింది" అని ఎక్కడైనా కనిపిస్తే, చాలాసార్లు కొత్త విలువను కింద పెట్టి భాగించి ఉంటారు.

శాతం పనికిరాని చోట్లు

నిన్న 10 డిగ్రీల సెల్సియస్, ఇవాళ 20 డిగ్రీలు. వేడి 100 శాతం పెరిగిందా? అవే ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో 50, 68. పెరుగుదల 36 శాతం. కెల్విన్‌లో 283.15, 293.15. పెరుగుదల 3.5 శాతం. వాతావరణం ఒకటే, శాతాలు మూడు. సెల్సియస్‌లో సున్నా అంటే వేడి లేకపోవడం కాదు, నీరు గడ్డకట్టే చోటును సున్నాగా ఎంచుకున్నారు, అంతే. "ఏమీ లేదు" అన్న అర్థంలో సున్నా ఉన్న కొలతలకే భాగహారం చెల్లుతుంది. కొలమానాల్లో ఈ తేడాను మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో స్పష్టంగా వర్గీకరించి చూపాడు. పొడవు, బరువు, సంఖ్య, కాలవ్యవధి లాంటివాటికి శాతం మార్పు సరిపోతుంది. డిగ్రీల ఉష్ణోగ్రతకు, క్యాలెండర్ సంవత్సరాలకు సరిపోదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాల్లో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. 50 శాతం పెరిగిందనడంలో పూర్తి అర్థం ఉంది. దానివల్ల పెరిగిన ఉష్ణోగ్రతను మాత్రం డిగ్రీల్లోనే చెప్పాలి.

పాత విలువ సున్నా అయితే లెక్కే లేదు, సున్నాతో భాగించలేం. సున్నా నుంచి 12కు పెరిగితే "12 కొత్తగా వచ్చాయి" అనడమే సరి.

రుణ సంఖ్యలు వస్తే జవాబు వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు మే నెల ఫ్యూచర్స్ (ఆ నెలలో సరుకు అందించేలా ముందే కుదుర్చుకునే ఒప్పందం) ధర పీపాకు 18.27 డాలర్ల నుంచి మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది. నిల్వ చేయడానికి చోటు లేక, అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చి చమురు వదిలించుకున్నారు. సూత్రంలో పెడితే 306 శాతం తగ్గుదల వస్తుంది, వార్తల్లో కూడా అదే వచ్చింది. మర్నాడు ధర మళ్లీ 10.01 డాలర్లకు పెరిగింది. ఇప్పుడు అదే సూత్రం వాడితే తేడా 47.64, దాన్ని మైనస్ 37.63తో భాగిస్తే మైనస్ 126.6 శాతం. పెరిగిన ధరను సూత్రం తగ్గిందంటోంది. నష్టంలో ఉన్న కంపెనీ లాభాల్లోకి వచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అందుకే ఫలితాల పట్టికల్లో అలాంటి చోట శాతం రాయకుండా వదిలేస్తారు.

మరి పాతదీ కొత్తదీ అని ఏమీ లేనప్పుడో? రెండు ఊళ్ల జనాభాలో, రెండు యంత్రాల వేగంలో ఏది ముందు, ఏది వెనక? 40, 50 ఉంటే మొదటివైపు నుంచి 25 శాతం ఎక్కువ, రెండోవైపు నుంచి 20 శాతం తక్కువ. ఏదో ఒకదాన్ని ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంటే ఆ కారణం చెప్పాలి. లేకపోతే రెండింటి సగటు 45తో భాగించొచ్చు, 22.2 శాతం తేడా వస్తుంది, ఎటువైపు నుంచి చూసినా అదే.

ఇంకా చక్కని దారి సంవర్గమానం, అంటే లాగరిథమ్. కొత్త, పాత విలువల నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసుకుంటే 40, 50లకు 0.223 వస్తుంది. ఎక్కేటప్పుడు ప్లస్ 0.223, దిగేటప్పుడు మైనస్ 0.223. కూడితే సున్నా. 1929 నుంచి 1932 దాకా డౌ జోన్స్ పతనం ఈ కొలతలో మైనస్ 2.22, తిరిగి అక్కడికే ఎక్కడం ప్లస్ 2.22. ఆర్థికశాస్త్రంలో, శాస్త్ర పరిశోధనల్లో ఈ కొలతను ఇష్టపడేది ఇందుకే. వరుస మార్పులను గుణించనక్కర్లేదు, కూడితే చాలు. మార్పులు చిన్నవైతే మామూలు శాతానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. 2 శాతం 1.98 అవుతుంది. పెద్దవైతే విడిపోతాయి, 100 శాతం 69.3 అవుతుంది. సంవర్గమాన స్కేలు మీద గీసిన గ్రాఫ్‌లో సమాన ఎత్తు అంటే సమాన శాతం. మామూలు స్కేలు మీద నేటి వేల పాయింట్ల పక్కన 381 నుంచి 41కి పడటం గీతలో కనిపించనే కనిపించదు. సంవర్గమాన గ్రాఫ్‌లో అది ఆ శతాబ్దపు అతి లోతైన గుంటగా కనిపిస్తుంది. అయితే సున్నాకూ రుణ సంఖ్యలకూ సంవర్గమానం లేదు, చమురు ధర లాంటి చోట ఇదీ సాయం చేయదు. అక్కడ పీపాకు 55.90 డాలర్లు తగ్గింది, మర్నాడు 47.64 డాలర్లు పెరిగింది అని రాయడమే సరైన పద్ధతి.